ఐదు చుక్కలు మిగిలాయి

సోమవారం

పదకొండో వంటశాల. తలలు పదిహేను. తలకి నలభై ఎనిమిది వేల నలభై ఎనిమిది చుక్కలు. శేషం సున్నా. తొట్టి క్షేమం. తొట్టి కాపరి నూకరత్నానికే, అంటే నాకే, ఒళ్ళు మండిపోతోంది.

ఇవాళ సంఖ్య పండుగ. మంచువలలు దులిపి, వాటికి పట్టిన తేమంతా తొట్టిలోకి పిండి, తెప్ప అడుగున పట్టిన గుల్లలు గీకించి, ఇంకా చేతులు కడుక్కోలేదు, గంట కొట్టేశారు. కొత్త కోరంగిలో ఉన్న తెప్పలన్నిటి మీదా జనం ఎండలో నిలబడి సంఖ్యాధికారి గవర్రాజు గారి ప్రసంగం వినాలి. ఏటా ఇదే వరస. సంఖ్యా మారదు, ఆయనా మారడు, కనీసం ఆ ఎండన్నా మారదు. ఈ దినచర్య పుస్తకం నెలాఖరుకి ఆయనే చదువుతారని నాకు తెలుసు. చదవనివ్వండి.

మా సంఖ్య ఏడు లక్షల ఇరవై వేల ఏడు వందల ఇరవై. ఒకే పొయ్యి మీద వండుకు తినే ఒక్కో వంటశాల తొట్టిలో రోజుకి పడే మంచినీళ్ళు సరిగ్గా అన్ని చుక్కలు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చిన కొత్తలో, పంచగా మిగిలిన నీళ్ళు ఎవరివన్న దగ్గర మా తాతల కాలంలో తలలు పగిలాయట. అందుకని ఎంతమందికి పంచినా ఏమీ మిగలని సంఖ్య కోసం పెద్దలు వెతికి దీన్ని పట్టుకొచ్చారు. ఒకటి నుంచి పదహారు దాకా ఏ అంకెతో భాగించినా ఇది తెగుతుంది. తొట్టికి బిగించిన పెట్టె తలలు లెక్కపెట్టి, భాగించి, వేలిముద్ర వేసిన వాళ్ళకి వాళ్ళ వంతు వదులుతుంది. ఒక్క చుక్క మిగిలేట్టున్నా కుళాయి మూసేస్తుంది. దాంతో బేరాలు లేవు.

గవర్రాజు గారు మొదలుపెట్టారు. దీనికి రెండు వందల నలభై భాజకాలున్నాయి, దీనికన్నా చిన్న సంఖ్య దేనికీ అన్ని లేవు. తనని వదిలేసి మిగతా భాజకాలన్నీ కూడితే పాతిక లక్షలు దాటుతుంది, అంటే తనకి మూడున్నర రెట్లు, కాబట్టి ఇది లోప సంఖ్య కాదు, పరిపూర్ణ సంఖ్యా కాదు, సమృద్ధ సంఖ్య. ఏడు వందల ఇరవైని పక్కపక్కనే రెండుసార్లు రాస్తే వచ్చేది కాబట్టి వెయ్యిన్నొకటితో తెగుతుంది, అందుకే ఏడూ పదకొండూ పదమూడూ ఒకేసారి ఇందులో ఒదిగిపోయాయి. ఇక దీని అంకెలన్నీ కూడితే పద్దెనిమిది, ఆ పద్దెనిమిదితో కూడా ఇది నిశ్శేషంగా తెగుతుంది, ఇంత వినయం గల సంఖ్య ఇంకోటి చూపించండి అని కళ్ళు తుడుచుకున్నారు. నా పక్కన నిలబడ్డ యోహాను ఆవలించాడు. అది చూసి నేనూ ఆవలించాను.

యోహాను వెల్డింగ్ పని చేస్తాడు. మాలో ఎవరికీ చుట్టం కాడు. ఉత్తరం వరుస తెప్పలు తుఫానుకి విడిపోయినప్పుడు ఒక్కడూ బతికి బయటపడ్డాడు. మా కోడలు సుభాషిణికి నెలలు నిండాయని, పాత గాలి సిలిండరు ఒకటి నిలువుగా కోసి ఉయ్యాల చేస్తున్నాడు. బిడ్డ పుడితే పదహారు తలలవుతాం. తలకి నలభై ఐదు వేల నలభై ఐదు. కొంచెం తగ్గుతుంది, సర్దుకుంటాం.

మంగళవారం

కవలలు. ఇద్దరూ ఆడపిల్లలే, తల్లీ పిల్లలూ క్షేమం, ఆ సంతోషం మాకు ఒక పూటైనా దక్కలేదు.

మంత్రసాని తన చేతి యంత్రంలో రెండు పుట్టుకలు ఎక్కించగానే, ఇక్కడ మా పెట్టె ఎర్రబడింది. తలలు పదిహేడు. శేషం ఐదు. కుళాయి బంద్.

నేను పెట్టెని తట్టాను, బతిమాలాను, చెప్పు తీసుకుని ఒకటిచ్చాను. ఐదు చుక్కలు! నేను ఒక్కసారి ఆవలిస్తే కళ్ళమ్మట అంతకన్నా ఎక్కువే కారతాయి. వాటికోసం పచ్చి బాలింతకి నీళ్ళు ఆపేసే పెట్టెని కనిపెట్టిన వాళ్ళని మేం ఏటా పూలదండలేసి పొగుడుతున్నాం.

అత్యవసర డబ్బాలు తెరిచాను. ఆ నీళ్ళు తుప్పు వాసన. శనివారం దాకా వస్తాయేమో. మా అబ్బాయి లోవరాజు తన వంతు తాగకుండా భార్యకిస్తున్నాడు, అది గమనించనట్టు ఉంటున్నాను.

సాయంత్రం చూస్తే యోహాను ఇంకో సిలిండరు కోస్తున్నాడు. రెండో ఉయ్యాల కోసమట.

బుధవారం

గవర్రాజు గారు పడవలో వచ్చారు. పెట్టెని చూసి, తల ఊపి, అది సరిగ్గానే పనిచేస్తోందని నాకు శుభవార్త చెప్పారు.

పదిహేడు ప్రధాన సంఖ్య అట. తనతోనూ ఒకటితోనూ తప్ప దేనితోనూ తెగదట. దాన్ని మన సంఖ్యలో కలపలేదట పెద్దలు. ఎందుకు కలపలేదని అడిగాను.

"కలపాలంటే పదిహేడింతలు పెద్ద తొట్టి కావాలండి. ఆ బరువుకి తెప్ప మునిగిపోద్ది," అన్నారు.

పిల్లలు నీళ్ళు తాగరు కదా, ఇద్దర్నీ కలిపి ఒక తలగా రాసుకోండి అన్నాను. కుదరదు. ఒక పిల్ల ఇంకా పుట్టలేదనుకోండి అన్నాను. పుట్టిన పిల్లని పుట్టలేదని ఎలా అనుకుంటామండి అని ఆయనే బాధపడ్డారు. మిగిలే ఆ ఐదు చుక్కలూ నేను సముద్రంలో పారబోస్తాను అన్నాను. దానికి ఆయన ముఖం ఎలా అయిందంటే, ఆ పిల్లల్ని పారబోస్తానన్నట్టే అయింది.

తర్వాత అసలు నియమం చదివారు. శనివారం సాయంత్రంలోగా మాలో ఎవరో ఒకరు వేరే వంటశాలకి మారాలి. తూర్పు చివర తొమ్మిదో వంటశాలలో పదిహేనుమందే ఉన్నారు, వాళ్ళు చేర్చుకుంటారు. ఎవరు వెళ్ళాలో మేం తేల్చకపోతే కార్యాలయమే తేలుస్తుంది. చివర చేరిన తలని తీసేస్తుంది.

చివర చేరిన తల రెండో పిల్ల. అక్క కన్నా కాసేపు ఆలస్యంగా పుట్టడమే అది చేసిన తప్పు. తల్లి పాలు ఇక్కడ, పిల్ల తలా దాని నీళ్ళూ అక్కడ. తల ఎక్కడుంటే మనిషీ అక్కడే పడుకోవాలని ఇంకో నియమం ఉంది, అదీ చదవబోయారు. పడవ కదులుతోంది ఎక్కండి అన్నాను. నిజానికి కదలడం లేదు.

గురువారం

వంటశాల అంతా పంచాయితీకి కూర్చుంది. ఇలాంటి పంచాయితీల్లో ఎవరూ ఎవరి పేరూ ఎత్తరు. ఒకరు పొయ్యి వంక చూస్తారు, ఒకరు గోళ్ళ వంక చూసుకుంటారు, కాసేపటికి అందరి చూపులూ వెళ్ళి ఒకే చోట ఆగుతాయి. ఇవాళ అవి యోహాను సంచి మీద ఆగాయి.

ఆ సంచి గురించి రాయాలి. అందరం గోడకి కొక్కేలు అతికించుకుని సామాన్లు తగిలించుకుంటాం. ఆ కొక్కేలు అతికించింది యోహానే. తన సంచి మాత్రం పైపుకి తాడుతో కడతాడు, లాగితే ఊడివచ్చే ముడి. ఇది అతనికి ఐదో వంటశాల. ముందు నాలుగు చోట్లా ఇదే జరిగింది. బిడ్డ పుట్టడమో కోడలు రావడమో, తలలు పదహారు దాటడం, చుట్టం కాని వాడు యోహాను ఒక్కడే కావడం. మొదట్లో నేనూ ఒక కొక్కెం అతికించుకోరాదా అన్నాను. చూద్దాం లెండక్కా అన్నాడు. ఆరేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు.

మా లోవరాజు నోరు తెరిచాడు, నేను వెళ్తానని. పిల్లల తండ్రివి నువ్వెక్కడికి వెళ్తావురా అని నలుగురూ ఒక్కసారే అన్నారు. మళ్ళీ అందరి చూపులూ సంచి మీదికే వెళ్ళాయి. నేనైనా ఏదో అనాలి కదా. కాపరిని. నోరు లేనిదాన్నా అంటే అదీ కాదు. కానీ నేను కాదంటే వెళ్ళేది నా మనవరాలు, అందుకని నేనూ గోళ్ళ వంకే చూసుకున్నాను. ఇది రాస్తుంటే సిగ్గేస్తోంది.

చివరికి అతనే అన్నాడు.

"నేనెళ్తాలెండక్కా. నాకలవాటే కదా. ఉయ్యాలొకటీ అయిపోనివ్వండి."

అందరూ ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. అప్పుడొచ్చిన కోపం ఎవరి మీదో ఇప్పటికీ తేలలేదు. మిగిలిన పులుసంతా అతని కంచంలో వంచేసి లేచిపోయాను.

శుక్రవారం

పడవ కట్టించుకుని కార్యాలయం తెప్పకి వెళ్ళాను, దెబ్బలాడటానికే వెళ్ళాను.

గవర్రాజు గారు భోజనం చేస్తున్నారు. భోజనమంటే బల్ల మీద ఎండు రొట్టె, కార్యాలయం తొట్టి నుంచి పట్టిన గ్లాసెడు నీళ్ళు, ఎదురుగా గోడ. అధికారులు ఏ వంటశాలలోనైనా చేరొచ్చు, ఆ వంటశాల కాపరి పిలవాలంతే. ఈయన్ని ఏ కాపరీ పిలవలేదు. ఎందుకు పిలవలేదో పండుగ రోజు ఎండలో నిలబడ్డ ఎవర్ని అడిగినా చెబుతారు.

నేను అనాల్సినవన్నీ అన్నాను. మనుషుల కోసం సంఖ్యా, సంఖ్య కోసం మనుషులా అన్నాను. ఒక మనిషిని ఐదుసార్లు పీకి ఐదు చోట్ల పాతితే మొక్కైనా బతకదన్నాను. ఆయన అడ్డు రాకుండా విన్నారు. తర్వాత నన్ను ఓదార్చడానికి ఆయనకి తెలిసిన ఒకే ఒక్క పని చేశారు. సంఖ్య గుణాలు మొదలుపెట్టారు.

"అలా కోప్పడకండి రత్నమ్మ గారూ. దాంట్లో ఏ దోషం లేదండి. రెండొందల నలభై భాజకాలు. అంకెలు కూడితే పద్దెనిమిది, ఆ పద్దెనిమిదితో కూడా..."

"ఆగండి," అన్నాను.

ఆగారు. ఆయన మాట మధ్యలో ఆగడం నేను చూడటం అదే మొదలు.

"దేంతో తెగుద్దన్నారు?"

"పద్దెనిమిదితోనండి."

"పద్దెనిమిది తలలుంటే?"

ఆయన చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. పలక తీసుకుని భాగించారు. నలభై వేల నలభై. శేషం సున్నా. నమ్మక ఇంకోసారి భాగించారు. తర్వాత పలక బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి ఆన్చి కూర్చుండిపోయారు.

ఇక్కడ బడిలో మా అందరికీ భాగాల పట్టిక నేర్పేది పదహారు దాకానే. పదిహేడు తెగదు కాబట్టి అక్కడితో ఆపేస్తారు. పదిహేడు దగ్గర గోడ ఉందని అందరికీ తెలుసు, ఆ గోడ అవతల ఏముందో ఎవరూ తొంగి చూడలేదు. వంటశాలకి పదహారుమందేనని నియమం ఎక్కడైనా ఉందా అని అడిగాను. గవర్రాజు గారు పుస్తకాలన్నీ తిరగేశారు. లేదు. శేషం మిగలకూడదన్న నియమం ఒక్కటే ఉంది. పదహారన్నది మా అలవాటు. ఆ అలవాటు మీదే ఇన్నాళ్ళూ యోహానుల్ని తెప్ప నుంచి తెప్పకి తిప్పుతున్నాం.

"ముప్పై ఏళ్ళ నించి ఏటా నేనే చెప్తున్నానండి," అన్నారాయన నెమ్మదిగా. "మైకులో చెప్తున్నాను."

కోప్పడదామనుకున్నాను. ఆయన ముఖం చూశాక నాకు చేతకాలేదు. నేను మాత్రం విన్నానా? ఆవలించాను.

శనివారం, మధ్యాహ్నం

మాకు కావలసింది ఒకరు పోవడం కాదు, ఇంకొకరు రావడం. ఇంత చిన్న సంగతి తేలాక మిగతాది సులువనుకున్నాను. నాకు బుద్ధి లేదు.

పొద్దున్నించి తెప్ప తెప్పకీ తిరిగాను. అన్ని చోట్లా మజ్జిగ ఇచ్చారు, కవలల్ని అడిగారు, ఎవరి పోలికని అడిగారు. ఒక్కరు వచ్చి చేరండి అనేసరికి అందరికీ పనులు గుర్తొచ్చాయి. వాళ్ళ తప్పేముంది? వాళ్ళ దగ్గర తలకి తక్కువలో తక్కువ నలభై ఐదు వేలు, మా దగ్గర నలభై వేలు. రోజుకి గ్లాసెడు నీళ్ళు తక్కువ. పసిపిల్లల వంతులు ఇప్పట్లో వాళ్ళు తాగరు, అవి అందరికీ సర్దుతానని కూడా చెప్పాను. పిల్లలు ఎల్లకాలం పిల్లలుగా ఉండరు కదమ్మా అన్నారు తొమ్మిదో వంటశాల వాళ్ళు. ఆ మాట నిజమే, అందుకే ఎక్కువ మండింది.

తిరిగి వచ్చేసరికి యోహాను రెండో ఉయ్యాలకి రంగు వేస్తున్నాడు. సంచి పైపు మీద లేదు. గుమ్మం పక్కన ఉంది.

శనివారం, సాయంత్రం

గవర్రాజు గారు మార్పిడి కాగితం పట్టుకుని వచ్చారు. సంతకం నేను చెయ్యాలి. వంటశాల అంతా తొట్టి చుట్టూ నిలబడింది. సుభాషిణి రెండో పిల్లని ఒడిలో ఎంత గట్టిగా పట్టుకుందంటే అది ఏడుపు లంకించుకుంది. యోహాను సంచి భుజాన వేసుకుని, అందరికీ దూరంగా, పడవ దగ్గర నిలబడ్డాడు.

ఎవరూ దొరకలేదా అండి అని అడిగారు గవర్రాజు గారు. లేదన్నాను. ఆయన ముఖం వాడిపోయింది. నిజంగానే వాడిపోయింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. పద్దెనిమిది తెగడం కళ్ళారా చూడాలని పొద్దున్నించి అన్నం కూడా తినలేదట. తినలేదంటే, ఆ గోడ ఎదురుగా కూర్చుని ఆ రొట్టె కూడా తినలేదన్నమాట.

అప్పుడు నాకు తట్టింది. తట్టగానే దేవుడా వద్దు అనుకున్నాను. రోజుకి రెండు పూటలా, మేం అన్నాలు తింటున్నప్పుడల్లా, రెండు వందల నలభై భాజకాలు! ఏడాదికి ఒక్క పూట భరించలేక చస్తున్న మనిషిని బతికున్నన్నాళ్ళూ నా వంటశాలలో పెట్టుకోవాలి. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే ఒక్క క్షణం కన్నా ఎక్కువే, నేను యోహాను వంక చూడకుండా ఉండటానికి ప్రయత్నించాను. అతను పడవ తాడు విప్పుతున్నాడు.

"గవర్రాజు గారూ, మీరు మా వంటశాలలో చేరండి," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశారు.

"నన్నాండి?"

"మిమ్మల్నే. అన్నాల దగ్గర మాత్రం సంఖ్య గుణాలు చెప్పకూడదు. అది ఒప్పుకుంటేనే."

"చెప్పనండి," అన్నారు. "ఒట్టండి."

బొటనవేలు పెట్టె మీద పెట్టడానికి ఆయన ముందు చెయ్యి పంచెకి తుడుచుకున్నారు. పెట్టె చాలాసేపు ఆలోచించింది. దానికీ పదహారు దాటిన అలవాటు లేదు మరి. తలలు పద్దెనిమిది అని చూపించింది. తలకి నలభై వేల నలభై. శేషం సున్నా. ఎర్ర దీపం ఆరింది, కుళాయిలో గాలి బుస్సుమంది, నీళ్ళు వచ్చాయి.

లోవరాజు మొదటి గ్లాసు సుభాషిణికిచ్చాడు. నేను వేలిముద్ర వేసి నా వంతులోంచి ఒక గ్లాసు పట్టుకుని పడవ దగ్గరికి వెళ్ళాను.

"తమ్ముడూ, నీళ్ళు తాగు. తాగి ఆ తాడు మళ్ళీ కట్టు."

యోహాను గ్లాసు తీసుకున్నాడు గానీ వెంటనే తాగలేదు. ఇంకెవరన్నా పుడితే పందొమ్మిది కదక్కా, అది తెగుద్దా అని అడిగాడు. అదీ ప్రధాన సంఖ్యేనండి, తెగదండి అని వెనక నుంచి గవర్రాజు గారు జవాబిచ్చారు. వెంటనే, ఇరవై తెగుద్దండి, ఇరవై ఒకటీ తెగుద్ది, ఇరవై రెండూ తెగుద్ది అన్నారు. ఒకరు వస్తే ఇంకొకర్ని వెతుక్కొస్తాం, నిన్ను మాత్రం పంపం అని నేను గట్టిగా అన్నాను. అందరికీ వినపడాలనే గట్టిగా అన్నాను.

ఆదివారం

పదకొండో వంటశాల. తలలు పద్దెనిమిది. తలకి నలభై వేల నలభై చుక్కలు. శేషం సున్నా.

పొద్దున ఇడ్లీల దగ్గర గవర్రాజు గారు ఒట్టు నిలబెట్టుకున్నారు. మొదటి వాయి అయ్యేదాకా నిలబెట్టుకున్నారు. రెండో వాయిలో, నలభై వేల నలభై అన్నది నలభైని వెయ్యిన్నొకటితో గుణిస్తే వస్తుందని ఎవరికైనా తెలుసా అని అడిగారు. ఎవరికీ తెలియదు, ఎవరికీ అక్కర్లేదు. నేను ఆయన కంచంలో ఇంకో ఇడ్లీ వేశాను. నోరు నిండితే ఆగుతారని. ఆగలేదు. పచ్చడి బావుందండి అని కూడా అన్నారు, ఆ మాట మా వాళ్ళెవరూ ఇంతవరకు అన్న పాపాన పోలేదు.

నా నెత్తి నేనే కొట్టుకుంటూ గిన్నెలు కడుగుతుంటే పడక గది వైపు నుంచి చిటపట శబ్దం, కాలిన ఇనుము వాసన. ఇప్పుడే కునుకు పట్టిన పసివాళ్ళు ఆ పొగకి లేస్తారని, ఆదివారం పూట ఈ వెల్డింగు ఎవరి ప్రాణానికని, కేకలేసుకుంటూ వెళ్ళాను.

యోహాను ముఖానికున్న ముసుగు తీసి నన్ను చూశాడు. గోడ మీద కొత్త కొక్కెం ఇంకా ఎర్రగా ఉంది.

"అయిపోయిందక్కా. ఇదొక్కటే," అన్నాడు.

అది చల్లారేదాకా ఇద్దరం అక్కడే నిలబడ్డాం. సంచి దానికి తగిలించాడు. పైపుకున్న తాడు విప్పి, చుట్టచుట్టి నా చేతికిచ్చాడు, పిల్లల గుడ్డలు ఆరేసుకోమన్నాడు.